పెద్ద సబ్‌వూఫర్ కొనేముందు గది కొలిపించండి

సంపాదకుల వారికి,

నమస్కారమండి. పోయిన ఆదివారం మీ అనుబంధంలో హోమ్ థియేటర్ కొనేవాళ్ళకి సలహాలిస్తూ వచ్చిన వ్యాసం చదివాను. టీవీ గురించీ ప్రొజెక్టర్ గురించీ రాసినదంతా బాగుంది. సబ్‌వూఫర్, అంటే బేస్ (బాగా లోతైన శబ్దాలు) వాయించే పెట్టె, దగ్గరికి వచ్చేసరికి మూడు ముక్కల్లో తేల్చేశారు. వాట్లు ఎక్కువున్నది కొనమన్నారు, మూలన పెట్టమన్నారు, మోత ఎక్కువైతే గోడలకి ఫోమ్ షీట్లు అంటించమన్నారు. సంక్రాంతి ముందు మా వైపు ఈ మూడు సలహాల మీదే బోలెడు డబ్బు ఖర్చవుతుంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని కత్తిరించేట్టయితే మా ఊరి కబుర్లు కత్తిరించండి, అంకెలు మాత్రం ఉంచండి.

మాది పాలకొల్లు. దాసరి నారాయణరావు గారు పుట్టిన ఊరు కాబట్టి సినిమా పిచ్చికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మా నాన్నగారిది మైకుసెట్టు. లంక ఊళ్ళలో పెళ్ళంటే గొట్టాలూ ఆంప్లిఫయరూ బ్యాటరీలూ పడవలో వేసుకుని గోదావరి పాయ దాటేవారు. ఆరుబయట వాయించే మైకుకి గోడల గొడవ లేదు, వెళ్ళిన శబ్దం వెళ్ళినట్టే పోతుంది. నేను బిగించేవి ఇళ్ళలో. పాత మండువా లోగిళ్ళలో కూడా పెద్ద బాధ లేదండి. పైన పెంకు, నడిమిన ఆకాశం, చుట్టూ తలుపులూ కిటికీలూ. బేస్ కొంత బయటికి పోతుంది, మిగిలింది శుభ్రంగా వినిపిస్తుంది. ఇప్పుడు కడుతున్నవన్నీ స్లాబు ఇళ్ళు. కింద టైల్సు, పైన కాంక్రీటు, నాలుగు వైపులా ఇటుక గోడ, ఏసీ కోసం మూసేసిన కిటికీలు. లోపల పుట్టిన బేస్‌కి దారి లేదు. గోడకి తగిలి వెనక్కొస్తుంది, ఎదురొచ్చే అలతో కలుస్తుంది. కలిసినప్పుడు కొన్నిచోట్ల రెట్టింపవుతుంది, కొన్నిచోట్ల చచ్చిపోతుంది.

ఒక ఇంటి సంగతి చెప్తాను. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రైతుగారు కొత్త ఇల్లు కట్టారు. హాలు 20 అడుగుల పొడవు, 13 వెడల్పు, 10 ఎత్తు. టీవీ గోడ మూలన 12 అంగుళాల సబ్‌వూఫర్. సోఫా సరిగ్గా హాలు మధ్యలో. వెనక గోడకి ఆనించి దివాను, దాని మీద వాళ్ళమ్మగారు. ఆయన ఫిర్యాదు ఇదండి: "సినిమాలో బాంబు పేలితే నాకు ఆనదు, మా అమ్మకి మంచం అదురుతుంది. పాటలు పెడితే మాత్రం ఒకటే గుయ్యిమని మోత. అటక మీద స్టీలు గిన్నెలు కూడా తాళం వేస్తున్నాయండి." అమ్మినవాళ్ళు దీన్నిచ్చేసి 15 అంగుళాలది తీసుకోమన్నారట. తీసుకోమంటారా అని నన్నడిగారు.

ఈయన చెరువు నీళ్ళు ల్యాబుకి పంపి, పీహెచ్ ఎంతుందో అమ్మోనియా ఎంతుందో కాగితం మీద చూడందే చెరువులో ఏ మందూ చల్లరు. హాలుకి మాత్రం పరీక్ష లేకుండానే పెద్ద డోసు వేసేద్దామని సిద్ధపడ్డారు.

లెక్క చూడండి. మన ఎండలకి, 30 డిగ్రీల వేడిలో, శబ్దం సెకనుకి సుమారు 1145 అడుగులు పోతుంది. గది పొడవుని రెండింతలు చేసి 1145ని దానితో భాగిస్తే ఆ గది మొదట ఏ శబ్దానికి మోగుతుందో వస్తుంది. 20 అడుగులకి 28 హెర్ట్జ్ పైచిలుకు, అంటే సెకనుకి 28 పైచిలుకు కంపనాలు. 13 అడుగులకి 44. ఎత్తు 10 అడుగులకి 57. పొడవుకి రెండో మోత కూడా ఉంటుంది, అది మొదటిదానికి రెట్టింపు, అంటే అదీ 57. పొడవు సరిగ్గా ఎత్తుకి రెండింతలుండటంతో రెండు మోతలూ ఒకే చోట పడ్డాయి. వాస్తు చూసినవాళ్ళు ఈ సంగతి చూడరు కదా. బేస్ గిటార్లో 'ఏ' తీగ 55 హెర్ట్జ్, 'ఈ' తీగ 41. కాబట్టి ఆ హాల్లో 'ఏ' మీటితే గిన్నెలు మోగుతాయి, 'ఈ' మీటితే మోగవు. ఇక 28 దగ్గర హాలు మధ్యలో శబ్దం దాదాపు సున్నా, రెండు చివరలా నిండుగా. సోఫా మధ్యలో ఉంది, దివాను చివర ఉంది. బాంబు అమ్మగారికి వినిపించి అబ్బాయికి వినిపించకపోవడంలో వింతేమీ లేదు. 15 అంగుళాలది తెచ్చినా మధ్యలో ఆ గొయ్యి అలాగే ఉంటుంది, అమ్మగారి మంచం ఇంకాస్త అదురుతుంది.

లెక్క కాగితం మీద ఇంత చక్కగా వస్తుంది గానీ తలుపులూ వంటగది వైపు ఆర్చీలూ కలిస్తే అంకెలు అటూ ఇటూ జరుగుతాయి. అందుకే కొలవాలి. కొలవడానికి కావలసింది ల్యాప్‌టాప్, ఒక కొలత మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్. దీన్ని జాన్ మల్కాహీ అనే ఆయన తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. మైకు నేను యూమిక్-1 వాడతాను, యూఎస్‌బీ తీగతో నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించేదే. ఒక్కో మైకుకీ దాని సీరియల్ నంబరు మీద విడిగా దిద్దుబాటు ఫైలు ఉంటుంది, అది ఎక్కించకపోతే కొలత కొలత కాదు. సెల్‌ఫోన్ మైకు మాటల కోసం చేసింది, 28 హెర్ట్జ్ దగ్గర దాన్ని నమ్మకూడదు.

మైకుని స్టాండుకి బిగించి, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, మూతి స్లాబు వైపు పెట్టి, 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీపు, అంటే లోతు నుంచి మెల్లగా పైకెక్కే ఒక స్వరం, పంపాలి. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం వస్తోందో సాఫ్ట్‌వేర్ గ్రాఫు గీస్తుంది. గదిలో ఏదో పెద్ద జంతువు మూలిగి మెల్లగా లేచినట్టుంటుంది, ఇంట్లో పిల్లలుంటే నవ్వుతారు. ఫ్యాన్లు, ఏసీ ఆపెయ్యాలి. చెరువుగట్టు ఇళ్ళలో ఇంకో తంటా ఉంది. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపమనలేం, ఆపితే రొయ్య తేలిపోతుంది. స్వీపు నిడివి పెంచితే ఆ రొద గ్రాఫులో చాలావరకు అణుగుతుంది. మైకుని సోఫాలో ఒక్కచోటే పెట్టి సరిపెట్టుకోకూడదు. ఆ చివర, ఈ చివర, దివాను మీదా కూడా కొలవాలి. గ్రాఫుని నునుపు చేసి చూపించే మీట ఒకటుంటుంది. బేస్ చూసేటప్పుడు దాన్ని దాదాపుగా ముట్టుకోవద్దు, లేకపోతే గుట్టలూ గోతులూ మాయమై అందరి గదీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కొందరు అమ్మకందారులు చూపించే అందమైన గీతలు అలాంటివే.

రైతుగారి గ్రాఫులో 57 దగ్గర గుట్ట ఇరుగుపొరుగు కంటే 14 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) ఎత్తు. అంతకంటే చెడ్డది, శబ్దం ఆగాక కూడా ఆ మోత అర సెకను పైనే సాగుతోంది. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడి, రెండోది పడేలోపు మొదటిది ఇంకా చావలేదన్నమాట.

చాలామంది ఇక్కడే ఈక్వలైజర్, అంటే ఏ స్వరాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో దిద్దే పరికరం, తీస్తారు. అది ఆఖరి పని. మొదటి పని బాక్సుని, సోఫాని కదపడం, దానికి పైసా ఖర్చు లేదు. పాత పద్ధతిలో సబ్‌వూఫర్‌ని సోఫా మీద పెట్టి, మనం నేల మీద పాకుతూ బేస్ సమంగా వినిపించిన చోటు వెతుక్కోవాలి. లుంగీ ఎగ్గట్టి పాకడానికి ఆసాములు మొహమాటపడతారు కాబట్టి నేను మైకునే నేల మీద జరుపుతాను. రెండూ ఒకటే. ఇక్కడి నుంచి అక్కడికి గది శబ్దాన్ని ఎలా చేరవేస్తుందో, అక్కడి నుంచి ఇక్కడికీ అలాగే చేరవేస్తుంది. సోఫా రెండడుగులు వెనక్కి జరిపితేనే 28 దగ్గర గొయ్యి కొంత పూడింది.

ఆ 15 అంగుళాల డబ్బుతో ఆయన చేత అలాంటిదే ఇంకో 12 అంగుళాలది కొనిపించాను. ఒకటి టీవీ గోడకి సరిగ్గా మధ్యలో, రెండోది ఎదురుగా వెనక గోడ మధ్యలో. ఇది నా సొంత తెలివి కాదు. హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002లోనే ఎన్ని సబ్‌వూఫర్లు, ఎక్కడ పెడితే సీటుకీ సీటుకీ తేడా తగ్గుతుందో పరిశోధించి చూపించారు. 28 హెర్ట్జ్ దగ్గర గది ఒక చివర తోస్తుంటే రెండో చివర లాగుతుంది. రెండు చివరలా ఒకేసారి తోస్తే ఆ మోత పుట్టదు. గోడ మధ్యలో ఉండటం వల్ల వెడల్పు తాలూకు 44 కూడా రేగదు. ఇప్పుడు దివానులోనూ సోఫాలోనూ ఇంచుమించు ఒకటే బేస్.

మిగిలింది 57. దానికి ఇప్పుడు ఈక్వలైజర్. నేను మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే ఈక్వలైజర్ పెట్టెని రిసీవర్‌కీ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) సబ్‌వూఫర్లకీ మధ్య పెడతాను. 57 దగ్గర 9 డెసిబెల్స్ కోత, వెడల్పు గుట్టకి సరిపోయినంతే. కోసేసరికి ఎత్తుతో పాటు సాగుడు కూడా తగ్గింది, ఎందుకంటే ఆ సాగుడు పుట్టింది ఆ గుట్టలోంచే. కొయ్యడం మంచిదే గానీ గోతుల్ని పూడ్చాలని చూడకండి. అలా చేసి వూఫర్ కాల్చుకున్నవాళ్ళున్నారు. 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 10 పెంచితే పదింతలు. 100 వాట్లు తినేచోట 1000 అడుగుతారు. గొయ్యి పడింది రెండు అలలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నందువల్ల. ఎంత పోసినా తిరుగు అల కూడా అంతే పెరుగుతుంది, గొయ్యి పూడదు.

కొత్త రిసీవర్లు తమ మైకుతో తామే కొలుచుకుని దిద్దుకుంటాయి కదా అంటారు. అలా దిద్దే ఆడిస్సీ, డిరాక్ అనే సాఫ్ట్‌వేర్లు మంచివే, నేనూ వాడతాను. వాడాక మళ్ళీ స్వీపు పెట్టి ఏం చేసిందో చూస్తాను. ఇంకో మాట. రిసీవర్ సబ్‌వూఫర్ దూరం 18 అడుగులని చూపిస్తుంది, టేపు పట్టి కొలిస్తే 10 ఉంటుంది. తప్పు చూపిస్తోందని 10కి మార్చేస్తారు. మార్చకండి. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ల వల్ల శబ్దం ఆలస్యంగా బయటికొస్తుంది, రిసీవర్ ఆ ఆలస్యాన్ని అడుగుల్లో చెప్తోంది. మారిస్తే క్రాసోవర్ దగ్గర, అంటే స్పీకర్ల పని ఆగి సబ్‌వూఫర్ పని మొదలయ్యే 80 హెర్ట్జ్ దరిదాపుల్లో, స్పీకర్లూ సబ్‌వూఫరూ ఒకదాని మీద ఒకటి ఎదురుతిరుగుతాయి.

ఫోమ్ సంగతి. 57 హెర్ట్జ్ అల పొడవు 20 అడుగులు. దానికి అంగుళం మందం ఫోమ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైగా మన తేమకి రెండు వర్షాకాలాల్లో బూజు పడుతుంది. అమలాపురం నుంచి ఒకాయన కొబ్బరి పీచు బేళ్ళు మూలల్లో పేరిస్తే పనికొస్తుందా అని అడిగారు. పీచు శబ్దాన్ని పీలుస్తుంది, పైస్వరాలకి బాగా. బేస్‌కి అడుగుల మందం కావాలి. హాల్లో నాలుగు మూలలా కప్పుదాకా బేళ్ళు పేరుస్తానంటే నాకు అభ్యంతరం లేదు, ఎలకలకి ఇంకా సంతోషం.

పక్కింటివాళ్ళ గురించి కూడా మీ వ్యాసంలో ఉండాల్సింది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఈ అంకెలు 'ఏ' తూకంలో, అంటే మన చెవికి వినిపించే తీరుకి సరిపెట్టిన లెక్కలో, కొలిచేవి. ఆ తూకం బేస్‌ని మన్నించేస్తుంది, 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 31.5 దగ్గర 39 తగ్గించి చూపిస్తుంది. మీటరు హద్దులోనే ఉందంటుంది, గోడ అవతల పసిపిల్లాడు నిద్రలేస్తాడు. పాలకొల్లు సందుల్లో ఇల్లూ ఇల్లూ ఆనుకునే ఉంటాయండి. ఇలాంటి తగవు ఒకటి పెద్దమనుషుల దాకా వెళ్తే నన్ను పిలిచారు. గుట్ట కోసేశాక సౌండు తగ్గించకుండానే తగవు తీరింది. పక్కింటికి చేరుతున్నది ఆ ఒక్క మోతే. రాత్రిపూట ఇంకో చిక్కు. సౌండు తగ్గిస్తే చెవికి బేస్ మిగతావాటి కంటే ఎక్కువ తగ్గినట్టుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. అందుకని రాత్రి సబ్‌వూఫర్ నాబ్ పెంచేస్తారు, పొద్దున్న తగ్గించడం మర్చిపోతారు.

అమ్మేవాళ్ళకి నా విన్నపం: బిల్లుతో పాటు దిద్దకముందు ఒకటి, దిద్దాక ఒకటి, రెండు గ్రాఫులు ఇవ్వండి, కింద మైకు ఎక్కడ పెట్టారో రాయండి. కొనేవాళ్ళు ఆ కాగితం ఇస్తేనే మిగతా డబ్బు ఇవ్వండి. నా తోటి వ్యాపారులకి ఈ మాట నచ్చదు, అందుకే పేరు వేయొద్దని అడుగుతున్నాను. భీమవరం, నర్సాపురం, అమలాపురం కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే మాస్టార్లు ఎవరైనా పిల్లల చేత తమ సెమినార్ హాలు కొలిపిస్తామంటే మీ ఆఫీసుకి కబురు చెయ్యమనండి. మైకు నేను తెస్తాను, ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలి, సీలింగ్ ఫ్యాన్లు ఆపడానికి ఒప్పుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, పాలకొల్లు