మందుగుండు లెక్క సరే, తవ్వినవాళ్ల సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మొదటి ప్రపంచయుద్ధం సొరంగాల మీద మీరేసిన వ్యాసం చదివాను. 1917 జూన్ 7 తెల్లవారుజామున బెల్జియంలో మెసీన్ గుట్ట కింద బ్రిటిష్‌వాళ్లు జర్మన్ల మీద పెట్టిన 19 మందుపాతరలు పేలాయనీ, దాదాపు 450 టన్నుల మందుగుండు పట్టిందనీ బాగానే రాశారు గానీ, తవ్వినవాళ్లను ఒక్క ముక్కలో తేల్చేశారు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగినవాణ్ని, నేను వెతుక్కున్నది ఆ ముక్క కోసమే.

వాళ్లలో చాలామంది యుద్ధానికి ముందు సైనికులు కారు, కూలీలు. మాంచెస్టర్‌లో మురుగుకాలవల సొరంగాలు తవ్వేవాళ్లను నార్టన్ గ్రిఫిత్స్ అనే ఇంజనీరు 1915లో ఫ్రాన్స్‌కు తీసుకెళ్లాడు. వాలుగా పెట్టిన చెక్కకు వీపు ఆనించి, పారను రెండు కాళ్లతో బంకమట్టిలోకి తన్నడం వాళ్ల పని. పలుగు వాడితే చప్పుడవుతుంది, అవతల జర్మన్లూ సొరంగంలో చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, జాడ తెలిస్తే చిన్న పాతర పేల్చి ఉన్నవాళ్లను ఉన్నచోటే పూడ్చేస్తారు. దగ్గొచ్చినా టెన్షనే. మా బాయిలో కనీసం అరుచుకునేవాళ్లం.

ఇంకోటి, ఇది మొదలైంది మనవాళ్ల కాళ్ల కిందే. 1914 డిసెంబరు 20న ఫ్రాన్స్‌లో జివాన్షీ దగ్గర భారత సైనికులున్న కందకాల కింద జర్మన్లు పది పాతరలు పేల్చారు. ఆ దెబ్బ తిన్నాకే బ్రిటిష్‌వాళ్లు సొరంగ దళాలు పెట్టుకున్నారు. మీ వ్యాసంలో ఇది లేదు.

అదే జివాన్షీలో 1916 జూన్ 22న విలియం హాకెట్ అనే బొగ్గు కార్మికుడు, వయసు మీరిందని పటాలంవాళ్లు మూడుసార్లు వెనక్కి పంపినవాడు, జర్మన్ పాతర పేలి మరో నలుగురితో లోపల చిక్కుకున్నాడు. బయటివాళ్లు తవ్వుకుంటూ వచ్చి కన్నం చేశారు, ముగ్గుర్ని అందులోంచి పంపాడు. దెబ్బలు తిని కదల్లేని థామస్ కాలిన్స్ అనే కుర్రాణ్ని వదిలి రానన్నాడు. తర్వాత సొరంగం కూలింది. నాలుగు రోజులు తవ్వినా ఇద్దరూ దొరకలేదు, ఇప్పటికీ ఆ మట్టిలోనే ఉన్నారు.

బాయిలో పైకప్పు కూలే ముందు చప్పుడు చేస్తుంది సార్. ఆ చప్పుడు విన్నాక, ఎదురుగా కన్నం కనబడుతుంటే కాళ్లు ఎటు లాగుతాయో మాకు తెలుసు.

ఈసారి రాసేటప్పుడు హాకెట్ పేరు వేయండి, పక్కన కాలిన్స్ పేరు కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బొగ్గుబాయి కార్మికుడు,
కొత్తగూడెం