చీటీ అడగని మందుల కౌంటరు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో ఉక్కపోత మొదలైందంటే మెడ మీద, ఛాతీ మీద శోభి మచ్చలు తేలేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. మా అబ్బాయికి మొన్న ఏప్రిల్‌లో మెడ కింద పెసరగింజంత తెల్లని మచ్చలు పుట్టి, నెల తిరగకముందే ఛాతీ దాకా పాకాయి. బొల్లి కాబోలని వాడి నాయనమ్మ బెంగ పెట్టుకుంటే, నేను వీధి చివరి మందుల దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు మచ్చను చూడకుండా, చీటీ అడగకుండా ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. చీటీ లేకుండా వెళ్లిన తప్పు నాదీను.

దురద వారంలోనే తగ్గింది గాని మచ్చలు పోలేదు. రెండు నెలలు రాసేసరికి మెడ చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద ఎర్రటి సన్న రక్తనాళాలు కనిపించసాగాయి. చర్మవైద్యురాలు ఆ ట్యూబు తెప్పించుకుని, శిలీంద్రాన్ని చంపే మందుతో పాటు బెక్లోమెథసోన్ అనే స్టిరాయిడ్ కూడా అందులో ఉందని సన్నని అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు. తరువాత గాజు పలక అంచుతో మచ్చను మెల్లగా గీకితే, పిండిలా పొట్టు రాలింది. బొల్లి మచ్చ ఇలా పొట్టు రాలదన్నారు. మలసీజియా అనే ఈ శిలీంద్రం అందరి చర్మం మీదా ఉండేదేనని, చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు పెచ్చరిల్లి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని దెబ్బతీస్తుందని, ఒకరి నుంచి ఒకరికి అంటదని ఆమె చెప్పాకే ఇంట్లో వాడి తువ్వాలును వేరుగా ఆరేయడం మానేశాం. కీటోకోనజోల్ షాంపూతో పొట్టు ఆగింది. రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుందట.

ఇలాంటి పైపూత స్టిరాయిడ్లను పలువాటిని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. మా వాడిది శోభి కాబట్టి సరిపోయింది. అదే స్పర్శ తెలియని మచ్చ అయి, అది కుష్ఠు అయి ఉంటే, ట్యూబు రాస్తూ పోగొట్టుకున్న రెండు నెలలకు మూల్యం నరాలు చెల్లించేవి.

కాబట్టి ఔషధ నియంత్రణ అధికారులు నగరంలోని దుకాణాల్లో ఈ ట్యూబుల బిల్లులను, చీటీలను సరిచూడాలని, పని మానుకుని పెద్దాసుపత్రి ఓపీకి వెళ్లలేక తడి బనియన్లతోనే రోజు గడిపే పోర్టు కళాసీలు, ఫిషింగ్ హార్బరు కూలీల కోసం పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో వేసవిలో వారానికొక సాయంత్రమైనా చర్మపరీక్ష ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం