పంపులు ఆపేశాకే అసలు కాపలా కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మూతపడ్డ గనుల మీద మట్టి కప్పేసి మొక్కలు నాటి పార్కులు చేస్తున్నారు, గోతుల్ని చెరువులు చేసి బోట్లు తిప్పుతున్నారు అని వార్తలొస్తుంటాయి, చదవడానికి బాగానే ఉంటాయి, ఫొటోలు కూడా పచ్చగా కళకళలాడుతుంటాయి. కానీ కింద నీళ్ళు ఎంత పైకొచ్చాయి, గుట్ట ఎంత కదిలింది అనే నంబరు మాత్రం ఎక్కడా కనపడదు. నా గొడవంతా ఆ నంబరు గురించే.

గని నడిచినన్నాళ్ళూ పంపులు రాత్రీ పగలూ తోడేస్తుంటాయి కాబట్టి చుట్టుపక్కల భూగర్భ జలం బాగా దిగిపోయి ఉంటుంది. మూసేశాక పంపులు ఆపేస్తారు, నీళ్ళు మెల్లగా పైకి రావడం మొదలుపెడతాయి, కొన్నిచోట్ల నెలల్లో వచ్చేస్తాయి, కొన్నిచోట్ల పదుల ఏళ్ళు పడుతుంది. గోతిలో వదులుగా పోసిన మట్టి పొడిగా ఉన్నప్పుడు గట్టిగానే అనిపిస్తుంది గానీ మొదటిసారి కింద నుంచి తడిసినప్పుడు లోపలి ఖాళీలన్నీ కూలిపోయి కుంగుతుంది, గని తవ్విన మట్టిని పోసిన గుట్టలో, అంటే వాలుగా ఉన్న డంపులో అయితే మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి వాటి పట్టు సడలిపోతుంది. అంటే గడ్డి మొలిచి, రిబ్బన్ కట్ చేసి, ఫైలు క్లోజ్ చేసే టైముకి కింద అసలు కథ ఇంకా మొదలే కాకపోవచ్చు.

జర్మనీలో నాఖ్టర్‌స్టెడ్ట్ అనే ఊళ్ళో జరిగింది ఇదే. పాత లిగ్నైట్ బొగ్గు గొయ్యిని చెరువు చేద్దామని ఏళ్ళ తరబడి నింపుతూ వచ్చారు, 2009 జులై 18న తెల్లవారుజామున ఒడ్డు తెగి ఇళ్ళతో సహా నీళ్ళలోకి జారిపోయింది, ముగ్గురు పోయారు. అడుగు పొరలో బందీ అయిన భూగర్భ జలం పైకి తన్నిన ఒత్తిడే ముఖ్య కారణమని తర్వాత నిపుణులు తేల్చారు. అందుకే ఒక్క బోరు వేసి నీటిమట్టం ఇంత అని రాసేసుకుంటే చాలదు, పైపొరలో కొలత మామూలుగా ఉన్నా కింది పొరలో ఒత్తిడి వేరేగా ఉండొచ్చు కాబట్టి పొర పొరకీ విడిగా నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటర్ ఉండాలి. ఖర్చవుతుంది, నిజమే, గని తవ్వకంలో వచ్చిన డబ్బుతో పోలిస్తే ఏపాటి.

ఇంక నీటి క్వాలిటీ. బొగ్గులోనూ లోహాల ఖనిజాల్లోనూ ఉండే పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం రాళ్ళలోని లోహాల్ని కరిగించుకుని వస్తుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరం గనిని 1991లో మూసి పంపులు ఆపేస్తే ఏడాది తిరిగేలోపే, 1992 జనవరిలో, లోపల నిండిన నీళ్ళు ఒక్కసారిగా బయటపడి ఫాల్ నది సముద్రంలో కలిసే చోటంతా నారింజ రంగుకి తిరిగింది. మన రిపోర్టుల్లో చాలాసార్లు నీళ్ళలో ఆమ్లం సంగతి చెప్పే పీహెచ్ ఒక్కటే రాసి నార్మల్ అని తేల్చేస్తారే, నాకు ఒళ్ళు మండేది అక్కడే. సున్నపురాయి లాంటిది ఉన్నచోట పుట్టిన ఆమ్లాన్ని అది విరిచేస్తుంటుంది, పీహెచ్ బాగానే ఉంటుంది, ఆమ్లంతో పాటే పుట్టే సల్ఫేట్ మాత్రం అప్పటికే పెరుగుతూ ఉంటుంది. ఆ సున్నం అయిపోయిన రోజు పీహెచ్ పడిపోతుంది, అప్పుడు చూసి లాభమేంటి? సల్ఫేట్, ఇనుము, మాంగనీసు, కరిగిన లవణాల సంగతి చెప్పే కండక్టివిటీ అన్నీ కొలవాలి, అదీ ఎండాకాలంలో ఒకసారి శాంపిల్ తీసి చేతులు దులుపుకోవడం కాకుండా వానలకి ముందు, మధ్యలో, తర్వాత కూడా తీయాలి.

నేల కదలికకైతే ఇప్పుడు శాటిలైట్ రాడార్ ఉంది కదా అంటారు. ఉంది, మిల్లీమీటర్ల లెక్కన కుంగుడు పట్టేస్తుంది, యూరప్ వాళ్ళ సెంటినెల్-1 శాటిలైట్ డేటా ఫ్రీగానే దొరుకుతుంది. తమాషా ఏంటంటే ఏ పచ్చదనాన్ని చూపించి అంతా సేఫ్ అంటున్నారో ఆ ఆకులూ గడ్డే ఆ రాడార్ సిగ్నల్‌ని చెడగొడతాయి. పొడవు తరంగాల రాడార్ అయితే కొంత మెరుగు, ఇస్రో-నాసా కలిసి 2025 జులైలో పంపిన నైసార్ శాటిలైట్‌లో అలాంటిది ఉంది. అయినా పైనుంచి చూసేదానికి డంపు లోపల నీటి ఒత్తిడి కనపడదు కాబట్టి సర్వే పిల్లర్లు, లోపలి జరుగుడు చెప్పే ఇంక్లినోమీటర్లు, పీజోమీటర్లు తీసేయడానికి వీల్లేదు. డంపు అంచున వంపు తిరిగిన పగుళ్ళు, ఒరిగిన చెట్లు, అడుగున కొత్తగా పుట్టిన ఊట, ఆ ఊటలో బురద నీళ్ళు, ఇవన్నీ ముందు కనపడేది అక్కడ పశువులు మేపుకునేవాళ్ళకే, వాళ్ళు చెప్తే రాసుకునే మనిషంటూ ఒకరుండాలి.

చెప్తే వింటారా అంటే, వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు డంపు కింద ఊట ఉందని మ్యాపుల్లోనే ఉంది, బడి వెనక ఆ డంపు ప్రమాదమని ముందే ఉత్తరాలు కూడా రాశారు. 1966 అక్టోబర్ 21న అది జారి 144 మందిని మింగింది, అందులో 116 మంది పిల్లలు. అది నడుస్తున్న గని డంపే అనుకోండి, మూసేసింది కాదు, కానీ సమాచారం ఉండి కూడా ఎవరూ కదలకపోతే ఏమవుతుందో చెప్పడానికి రాశాను.

గని మూసివేత పనులకి హామీగా కంపెనీ కట్టిన డిపాజిట్‌ని మొక్కలు బతికాయని చూసి వెనక్కి ఇచ్చేయకూడదు, నీటిమట్టం నిలకడకొచ్చి, ఆ తర్వాత కూడా కొన్ని వానాకాలాలు గడిచి రీడింగులు కదలకుండా ఉన్నాకే ఇవ్వాలి. ప్రతి పీజోమీటర్‌కీ ఇంత దాటితే జనాన్ని ఖాళీ చేయిస్తాం అనే హద్దు ముందే రాసిపెట్టి, రీడింగులు నెలనెలా పంచాయతీ బోర్డు మీదా ఆన్‌లైన్‌లోనూ పెట్టాలి. మీ రిపోర్టర్లకి కూడా ఒక మాట, ఈసారి అలాంటి పార్కు ఓపెనింగ్‌కి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాఫీసర్ని పంపులు ఎప్పుడు ఆపారు, నీళ్ళు ఇప్పుడు ఎన్ని మీటర్ల లోతులో ఉన్నాయి, ఆఖరి రీడింగ్ ఎప్పుడు తీశారు అని అడిగి, ఆయన ఏం చెప్తే అది ఫొటో కిందే వేయండి, చెప్పలేకపోతే చెప్పలేదనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు