ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) చైర్మన్ గారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఒడిశాలోని గజపతి జిల్లాలో మా ఇంటి భాష తెలుగు, బడి భాష ఒడియా. మా పాపకు తెలుగు అక్షరాలు నేర్పినవి లాభం చూసుకోకుండా ఎవరో ఓపికగా నడిపే చిన్న సైట్లే.

2016 ఫిబ్రవరి 8న మీ సంస్థ ఒక్కో సైటుకు ఒక్కో రేటు కూడదంది. కొన్ని సైట్లనే ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్ పథకానికి ఫేస్‌బుక్ అంత ప్రచారం చేసినా లొంగలేదు. ఎంత సంతోషించామో! ఇప్పుడు టెలికాం కంపెనీలు పెద్ద సైట్ల నుంచి నెట్‌వర్క్ వాడకం రుసుము ఇప్పించమంటున్నాయి. డేటాకు మేం రీచార్జి చేయించుకున్నాం కదా, మళ్లీ అవతలివైపు వసూలెందుకు? రేపు ఆ సుంకం చిన్న సైట్ల దాకా రాదని హామీ ఏది? దయచేసి ఒప్పుకోకండి.

టెలికాం కంపెనీలకు లైసెన్సు షరతుగా ఉన్న నెట్ న్యూట్రాలిటీని, అంటే అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నియమాన్ని, చట్టంలోనే రాయమని కేంద్రానికి సిఫారసు చేయండి. కంపెనీల తరఫున రాయడానికి లాయర్లున్నారు. మేమూ రాయగలిగేలా, మీరు అభిప్రాయాలు అడుగుతూ విడుదల చేసే సంప్రదింపు పత్రాలు తెలుగు, ఒడియాల్లోనూ ఇవ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి, పర్లాకిమిడి