వార్షిక నివేదిక 2025–26: ఈ ఏడు ఎక్కువగా ఆడవాళ్ల గుండె గురించే

మన బ్రాడీపేట నివాసుల సంఘం గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ వైండింగ్ చేయించాం. అడ్డరోడ్డు చివర వీధిదీపం ఎట్టకేలకు వెలిగింది. చవితి పందిరి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం.

ఇక అసలు విషయం. మన బ్రాడీపేటలో గుండె పరీక్షల శిబిరం పెట్టాలన్న ఆలోచన మా ఇంట్లోంచే వచ్చింది. ఇది మా ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

పోయిన మే నెలలో ఆవకాయ కలుపుతూ ఆవిడ ఉన్నట్టుండి కూర్చుండిపోయింది. వీపు మీద రెక్కల మధ్య నొప్పి, దవడలు లాగుతున్నాయి, వికారం, ఒళ్లంతా చల్లటి చెమట. గుంటూరు ఎండ కదా, వడదెబ్బనుకున్నాను. తర్వాత గ్యాస్ అనుకుని నిమ్మకాయ సోడా తెప్పించాను. ఆసుపత్రికి వెళ్దామంటే జాడీకి వాసెన కట్టిగానీ కదల్లేదు. వెళ్లిన చోట ఈసీజీ తీయకుండానే గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి, రెస్టు తీసుకోమని పంపేశారు. రాత్రి మళ్లీ వాంతులయ్యాయి. 108కి ఫోన్ చేసి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే, అది గుండెపోటేనన్నారు. స్టెంట్ వేశారు. ఇప్పుడు కులాసా. సోడా తెప్పించింది మాత్రం నేనే, అది మర్చిపోలేను.

ఆ తర్వాత కమిటీ కూర్చుని ప్రపంచ హృదయ దినం సెప్టెంబరు 29కి ఒకరోజు ముందు, ఆదివారం, శిబిరం పెట్టింది. నవరాత్రుల్లో పెట్టడం మేం చేసిన మొదటి తప్పు. కమ్యూనిటీ హాలు మగవాళ్లతో నిండిపోయింది. ఆడవాళ్లు రాకపోలేదు, భర్తల ఫైళ్లు పట్టుకుని వచ్చారు! మీరూ చేయించుకోండమ్మా అంటే, “నాకేమైంది అన్నయ్యగారూ, ఆయనకే షుగరు” అన్నారు. రెండో తప్పు ఒక పెద్దావిడ నా చెవిలో చెబితేగానీ తెలియలేదు. ఈసీజీకి ఛాతీ మీద తీగలు అంటించాలి కదా. మేమేమో బల్ల హాలు మధ్యలో వేసి, చుట్టూ పరదా లేకుండా వదిలేశాం.

కార్తీకం వెళ్లాక నవంబరు చివర్లో మళ్లీ పెట్టాం. ఈసారి మధ్యాహ్నం మూడింటికి, అంటే వంటిల్లు సర్దుకున్నాక. అడ్డంగా రెండు దుప్పట్లు కట్టి, తీగలు అంటించడానికి నర్సమ్మలనే పిలిపించాం. కుర్చీలు చాలలేదు.

ఆ రోజు మాట్లాడిన గుండె డాక్టరమ్మ చెప్పిన వాటిలో మా ఆవిడ కథతో కలిసేవి చాలా ఉన్నాయి. గుండెపోటులో ఛాతీ నొప్పి ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఎక్కువగా కనిపించేదే. కానీ ఆడవాళ్లలో దాంతోపాటు ఆయాసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి, విపరీతమైన నీరసం ఎక్కువగా ఉంటాయి. అందుకే అది గ్యాస్ లెక్కలోకో టెన్షన్ లెక్కలోకో పోతుంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ట్రోపోనిన్. దాని పరీక్షకు కూడా ఇప్పుడు ఆడవాళ్లకు వేరే హద్దు ఉంది. ఒక రకం పరీక్షలో మగవాళ్లకు లీటరుకు 34 నానోగ్రాములైతే ఆడవాళ్లకు 16. మగవాళ్ల హద్దుతోనే చూస్తే కొందరు ఆడవాళ్ల గుండెపోటు తప్పిపోతుంది.

“మరి మగవాళ్ల సంగతి?” అని ఒక సభ్యుడు లేచి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు మగవాళ్లకు ఆడవాళ్లకంటే సుమారు 9 ఏళ్లు ముందే వస్తోందని తేలింది. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లకు ముప్పు పెరుగుతుంది. షుగరుంటే మగవాళ్లకు పెరిగే దానికంటే ఆడవాళ్లకు ఎక్కువ పెరుగుతుంది.

అందరం ముక్కున వేలేసుకున్నది, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ మాత్ర సంగతి విని. గుండెపోటు రాకుండా ఆపుతుందని 1989లో అమెరికాలో తేల్చిన పెద్ద అధ్యయనంలో 22,071 మంది డాక్టర్లు ఉన్నారు, ఒక్క ఆడమనిషి లేదు. 39,876 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. అందులో మొదటి గుండెపోటు తగ్గలేదు, పక్షవాతం మాత్రం కొంత తగ్గింది. డాక్టరు రాసిన మాత్ర మానేయమని కాదు, పక్కింటాయన మాత్ర తెచ్చి భార్యకు వేయొద్దని డాక్టరమ్మ చెప్పారు.

ఇప్పుడు మన ఆరోగ్య కార్డులో మూడు ప్రశ్నలు కలిపాం. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా, షుగరు వచ్చిందా, ముట్లు ఏ వయసులో ఆగాయి? బీపీతో కాన్పు కష్టమైన వాళ్లకు తర్వాతి కాలంలో గుండె జబ్బు ముప్పు ఇంచుమించు రెట్టింపు. ముప్పై ఏళ్ల కిందట తనకు గుర్రపు వాతం (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ఫిట్స్ రావడం) వచ్చిందని ఒక సభ్యురాలు అప్పుడు బయటపెట్టారు. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ అడగలేదట.

కాళ్ల గురించీ చాలామంది అడిగారు. నరాలు ఉబ్బడం ఆడవాళ్లలో ఎక్కువ. నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గే నొప్పి మాత్రం వేరు, అది రక్తనాళం మూసుకుపోవడం వల్ల కావచ్చు. మనవాళ్లు దాన్ని కీళ్ల నొప్పుల్లో కలిపేసి మందు రాసుకుంటారు. చేతి బీపీని, చీలమండ దగ్గర బీపీని పోల్చి చూస్తే తెలుస్తుంది.

నడుము కొలవడానికి టైలరు టేపు వాడాం. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. ఎవరి కొలత ఎంతన్నది ఇక్కడ రాయను, రాస్తే వచ్చే ఏడు ఈ పదవిలో ఉండను. వనభోజనాల్లో ఊరగాయ పెట్టనందుకు వచ్చిన ఫిర్యాదులు కూడా అందాయి. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలన్నది కమిటీ మాట కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

శంకర్ విలాస్ బ్రిడ్జి పనులు మొదలయ్యాక కొత్తపేట ఆసుపత్రులకు చుట్టు తిరిగి వెళ్లాల్సి వస్తోంది. కంకరగుంట మీదుగా వెళ్లే దారి గీసి నోటీసు బోర్డుకు అంటించాం, 108 వాళ్లకు ఇల్లు గుర్తు చెప్పాల్సిన తీరు కూడా దాని కిందే రాశాం.

చివరగా, సంఘం కొన్న బీపీ మిషన్ ఫిబ్రవరిలో ఒకరింటికి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. పేరు రాయడం లేదు. సర్వసభ్య సమావేశం లోపు వాచ్‌మన్‌కు ఇచ్చేస్తే చాలు. చేతికి చుట్టే పెద్ద పట్టీ (కఫ్) కూడా ఆ సంచిలోనే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి