జవాబు ఇవ్వకుండానే 'పరిష్కరించాం' అని మూసేసిన నా ప్రశ్న

ఆల్ఫరెట్టా, జార్జియా
12 జనవరి 2026

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పది నెలలుగా జవాబు లేని ప్రశ్న, నాలుగుసార్లు మూసేసిన ఫిర్యాదు.

నమస్కారం. అమెరికా ఫుట్‌బాల్‌ను తెలుగులో చెప్పే మీ యాప్‌కు నేను 2019 నుంచి చందా కడుతున్నాను. అప్పట్లో మీ వీడియోల కింద పట్టుమని పది కామెంట్లు కూడా ఉండేవి కావు. మా వీధిలో పదకొండు కుటుంబాల చేత చందా కట్టించింది నేనే. ఏ ఒక్క ఏడాదీ డబ్బు ఆలస్యం చేయలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ వాళ్లు ఫోనులో ప్రతిసారీ "సార్, మీరు కొత్త కస్టమరా?" అని అడుగుతున్నారు.

మీ వార్షిక చందాలో 'విశ్లేషకుణ్ణి అడగండి' అని ఒక సదుపాయం ఉంది. ఏడాదికి ఒక ప్రశ్న, వారం రోజుల్లో వివరమైన జవాబు అని మీరే రాసుకున్నారు. ఇన్నేళ్లలో నేను దాన్ని వాడుకున్నది ఒక్కసారే. 2025 మార్చి 18న అడిగాను: "కర్క్ కజిన్స్ అట్లాంటా ఫాల్కన్స్ ఇచ్చిన డబ్బుకు తగ్గవాడేనా?" ఫాల్కన్స్ మా ఊరి జట్టు, కజిన్స్ దాని క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, మా అబ్బాయిది. వాడికి కజిన్స్ 18వ నంబరు జెర్సీ నేనే కొనిపెట్టాను. సరిగ్గా జవాబు చెప్పలేక మీ దగ్గరికి వచ్చాను.

వెంటనే "మీ ప్రశ్న మాకు ఎంతో విలువైనది" అని ఒక మెయిల్ వచ్చింది. మూడు వారాలు గడిచాయి. ఏప్రిల్‌లో ఇంకో మెయిల్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఏం పరిష్కరించారో ఎక్కడా లేదు. ఫోన్ చేద్దామంటే మీ ఆఫీసు హైదరాబాద్‌లో పొద్దున పది గంటలకు తెరుస్తారు. అప్పుడు మాకు అర్ధరాత్రి పన్నెండున్నర. మర్నాడు ఆఫీసు ఉన్నా మేలుకుని చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒకమ్మాయి ఎత్తింది. నేను 'కాంట్రాక్ట్' అనగానే, "సార్, మీ కాంట్రాక్ట్ పన్నెండు నెలలు, మధ్యలో ఆపేస్తే డబ్బు వాపసు రాదు" అంది. నా కాంట్రాక్ట్ కాదమ్మా, కజిన్స్‌ది అన్నాను. "ఆయన పేరు మీద రిజిస్టరైన మొబైల్ నంబర్ చెప్పండి సార్" అంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నేర్పకుండా ఫోను ముందు కూర్చోబెట్టిన మీ మీద కోపం.

మేలో రెండోసారి చేశాను. ప్రశ్న స్క్రీన్‌షాట్ పంపమన్నారు, పంపాను. ఫొటో మసకగా ఉందన్నారు, మళ్లీ పంపాను. ఫిర్యాదు మూసేశారు. జూలైలో చేస్తే ఇంకో అబ్బాయి, "ఆయన ఐపీఎల్‌లో ఏ టీమ్ సార్?" అన్నాడు. ఓపిగ్గా ఇరవై నిమిషాలు చెప్పాను. అంతా విని, "ఇది టెక్నికల్ టీమ్ చూడాలి" అని లైను మార్చాడు. టెక్నికల్ టీమ్ వాళ్లు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. సెప్టెంబరులో సూపర్‌వైజర్ గారు 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. రెండు రాత్రులు ఫోను తలగడ దగ్గర పెట్టుకుని పడుకున్నాను. ఇవాళ్టిదాకా ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నవంబరులో ఎట్టకేలకు 'జవాబు' పేరుతో ఒక లింకు వచ్చింది. అది మీ పాత వీడియో. కజిన్స్ 18 కోట్ల డాలర్లు తినేసి బెంచీ మీద కూర్చున్నాడని దాని సారాంశం. నాలుగు నిమిషాలు, అందులో ఒకటిన్నర నిమిషం ప్రకటన. నాకు అన్నిటికంటే బాధ కలిగింది ఇక్కడే. నా ప్రశ్న చదివి ఉంటే ఈ వీడియో పంపేవారు కాదు, ఎందుకంటే అందులో చెప్పిన లెక్క తప్పని నా ప్రశ్న రెండో వాక్యంలోనే రాశాను.

2024 మార్చిలో కుదిరిన ఆ ఒప్పందం పైకి నాలుగేళ్లకు 18 కోట్లు. గ్యారంటీ మాత్రం 10 కోట్లు. సంతకం చేసినందుకు ఇచ్చే 5 కోట్ల సైనింగ్ బోనస్, 2024 జీతం కోటీ పాతిక లక్షలు, 2025 జీతం 2 కోట్ల 75 లక్షలు. ఇంకో కోటి 2026ది. 2025 మార్చి 17న ఆయన జట్టులో ఉంటే అది ఖాయమవుతుంది. ఆ రోజు గడిచిపోయింది, ఫాల్కన్స్ ఆయన్ని వదులుకోలేదు. అందుకే నేను సరిగ్గా మర్నాడు అడిగాను. సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్ల రూపాయలకు కొంటే ఆ సీజన్‌కు అదే ధర. అమెరికా ఫుట్‌బాల్‌లో పైన కనిపించే అంకె వేరు, చేతికి వచ్చేది వేరు. ఈ తేడా తెలుగువాళ్లకు చెప్పడానికే కదా మీ యాప్ పెట్టింది?

ఇక తగ్గవాడా కాదా అన్నది. 2024 అక్టోబరు 3 రాత్రి టాంపా జట్టు మీద మ్యాచ్‌కు నేనూ మా అబ్బాయీ స్టేడియంలో ఉన్నాం. పాసులతో 509 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు (ఒక్కోటి ఆరు పాయింట్లు), ఓవర్‌టైమ్‌లో గెలుపు. అంతకు ముందు ఏడాదే కాలి అకిలీస్ తెగిన మనిషి అలా ఆడాడు. 2017 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఫైనల్లో 28-3 ఆధిక్యం చేజారిన రాత్రి నుంచి ఈ ఊరు మోస్తున్న బరువు ఆ ఒక్క పూట దిగిపోయిందనిపించింది. పాత క్వార్టర్‌బ్యాక్ మాట్ ర్యాన్ వెళ్లాక మరియోటాతో ఒక ఏడాది, రిడ్డర్‌తో ఒక ఏడాది, రెండుసార్లూ 7-10, అంటే ఏడు గెలుపులు, పది ఓటములు. ఆకలితో ఉన్న ఊరు. అంత డబ్బు ఎందుకు పెట్టారో ఆ రాత్రి స్టేడియంలో ఉన్నవాళ్లకు అర్థమైంది.

ఆ ఏడాది నవంబరులో సెయింట్స్ జట్టు మీద ఆడుతూ భుజానికీ మోచేతికీ దెబ్బ తగిలిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి అయిదు మ్యాచ్‌లలో ఒక్క టచ్‌డౌన్, తొమ్మిది ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాసులు. డిసెంబరులో బెంచీ. మొత్తం 14 మ్యాచ్‌లలో 18 టచ్‌డౌన్లు, 16 ఇంటర్‌సెప్షన్లు. ఆయన్ని వదులుకున్న పాత జట్టు మిన్నెసోటా అదే ఏడాది శామ్ డార్నాల్డ్ అనే క్వార్టర్‌బ్యాక్‌కు కోటి డాలర్లిచ్చి 14 మ్యాచ్‌లు గెలిచింది. ఇవన్నీ మా అబ్బాయి నా ముందు పెట్టాడు. కాదనలేకపోయాను.

కానీ నేను వాడికి చెప్పాలనుకున్నది వేరే ఉంది. సంతకమైన ఆరు వారాలకే, ఏప్రిల్ 25న, అదే ఫాల్కన్స్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎనిమిదో ఎంపికతో మైకేల్ పెనిక్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. తమ వంతు నడుస్తుండగా అప్పటికప్పుడు ఫోన్ చేసి చెప్పారని కజిన్స్ ఏజెంటే అన్నాడు. పది కోట్లు పెట్టిన మనిషి పక్కన ఈ ఏడాదే మ్యాచ్‌లు గెలిపించే ఆటగాణ్ణి పెట్టాలి. ఆయన కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు. పైగా ఒప్పందానికి ముందు ఆయన్ని లీగ్ అనుమతించే సమయానికి ముందే సంప్రదించినందుకు లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసి, అయిదో రౌండ్ ఎంపిక లాగేసుకుంది. డబ్బుకు తగ్గ ఆట ఆయన ఆడలేదు, ఒప్పుకుంటాను. ఆ డబ్బుకు తగ్గట్టు జట్టు కూడా నడుచుకోలేదు. మొన్న నవంబరులో పెనిక్స్ మోకాలు దెబ్బతింటే వచ్చి ఆడింది కజిన్సే. చివరి నాలుగు మ్యాచ్‌లూ గెలిపించాడు. అయినా 8-9తోనే ముగిసింది. ఆ రాత్రే కోచ్ రహీమ్ మోరిస్‌నూ జనరల్ మేనేజర్ టెర్రీ ఫాంటెనోనూ తీసేశారు.

ఇదంతా నా అంతట నేను, రాత్రిళ్లు కూర్చుని వెతుక్కున్నాను. మీ విశ్లేషకుడు రాసి ఉంటే ఇంతకంటే బాగా రాసేవాడు. నాకు తోచనివి ఆయనకు తోచేవి. అందుకే కదా డబ్బు కట్టింది.

జనవరి 6న నా కార్డు నుంచి కొత్త ఏడాది చందా మీ అంతట మీరే తీసుకున్నారు. దానికి మాత్రం ఏ విభాగానికీ లైను మార్చాల్సిన అవసరం రాలేదు.

ఆ చందా వాపసు చేయండి. లేదా నా ప్రశ్నకు జవాబు రాయించండి. రెండూ చేస్తే సంతోషం. అన్నిటికంటే ముందు, నా ప్రశ్న చదివిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి, మాకు పగలు ఉన్న సమయంలో. జనవరి 31 దాటితే బ్యాంకుకు చెప్పి ఆ చెల్లింపును ఆపిస్తాను. జార్జియా వినియోగదారుల రక్షణ విభాగానికి ఈ పది నెలల మెయిళ్లన్నీ తేదీలతో సహా పంపుతాను. మా వీధిలో పదకొండు కుటుంబాలకూ నేనే స్వయంగా చెబుతాను. చేర్పించింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

ఈ ఉత్తరం అందిందని ఆటోమేటిక్ మెయిల్ మాత్రం పంపకండి.

ఇట్లు,
2019 నుంచి మీ చందాదారుడు