ముస్లిం రచయితలకు ఏటా ఒక పురస్కారం: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

2025లో బాను ముష్తాక్ గారి కన్నడ కథలకు అంతర్జాతీయ బుకర్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆ 50,000 పౌండ్లను ఆమె, అనువాదకురాలు దీపా భస్తి చెరిసగం పంచుకున్నారు. తెలుగులో కథకుడు వేంపల్లె షరీఫ్‌కు 2012లోనే కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. రాసేవాళ్లకు కొదవ లేదు.

ముస్లిం రచయితలకు ఏటా ఒక పురస్కారం ఇవ్వండి. దాన్ని ఉర్దూకే పరిమితం చేయకండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో రాసేవాళ్లు ఎటూ కాకుండా పోతున్నారు. అచ్చుకాని రాతప్రతులకూ చోటుండాలి. సొంత డబ్బుతో వేయించుకున్న కవితా సంపుటాలు మంచం కింద కట్టలుగానే ఉండిపోయిన కవులు నాకు తెలుసు. ఆడవాళ్లకైతే ఆ డబ్బూ చేతికందదు. శాలువా, మెమెంటోతో సరిపెట్టకుండా పుస్తకం అచ్చువేయించి లైబ్రరీలకు పంపండి.

వచ్చే బడ్జెట్‌లోనే ప్రకటించాలని కోరుతున్నాను.